ఓడ మెట్ల దగ్గర ముక్కు పరీక్ష: ఎవరి భద్రతకు, ఎవరి ఖర్చుతో?

కోయంబత్తూరులో ఆర్.ఎస్. పురం దివాన్ బహదూర్ రోడ్డు మీద నడిచేవారికి తమిళ బోర్డుల నీడన తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. తరతరాల క్రితం పత్తి సాగు కోసం, నేత కోసం, సైనికోద్యోగాల కోసం కొంగునాడుకు, మదురై సీమకు చేరిన తెలుగు కుటుంబాల వారసులు నేడు మిల్లులలో, పంపుసెట్ల కర్మాగారాలలో, వైద్య, విద్యా రంగాలలో స్థిరపడి ఉన్నారు. వారి పిల్లలలో చాలామంది సింగపూరు, దుబాయి, అమెరికా దేశాలకు వెళ్లారు. పిల్లలను చూడడానికి పెద్దలు విమానమెక్కడం, అక్కడ పిల్లలు వారిని నాలుగు రోజులు విహార నౌకలో తిప్పడం ఇటీవలి కాలపు ముచ్చట.

2020 నుంచి 2022 వరకు ఈ ముచ్చటకు ఒక కాగితం అడ్డు వచ్చింది. కోవిడ్ లేదని ప్రయోగశాల ఇచ్చే ధ్రువపత్రం లేనిదే విమానమూ లేదు, ఓడా లేదు. నేడు ఆ పత్రం అడిగేవారు లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ప్రకటించిన అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసింది. మన దేశం విదేశీ ప్రయాణికుల నుంచి స్వీయ ప్రకటన కోరిన ఎయిర్ సువిధా విధానాన్ని 2022 నవంబరులోనే ఎత్తివేసింది. ముగిసిన వ్యవహారాన్ని తిరగదోడడం దేనికని పాఠకులు ప్రశ్నించవచ్చు. నిబంధన పోయినా దాని వెనుక ఉన్న ప్రశ్నలకు సమాధానం దొరకలేదు. ఆ పరీక్ష నిజంగా ఎవరిని కాపాడింది? దాని భారం ఎవరి మీద పడింది? రేపు మరో మహమ్మారి వస్తే ఈ తంతు మళ్లీ మొదటి నుంచి మొదలవవలసిందేనా? సరిహద్దు పల్లెలలో బతికేవారికి ఈ ప్రశ్నలు పరాయివి కావు.

ప్లేగు నీడలో పెరిగిన పేట

ప్రయాణికుడిని ఆపి పరీక్షించడం ఈ ప్రాంతానికి కోవిడ్ తెచ్చిన కొత్త విషయం కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడగా, మరుసటి ఏడాదే ఆంగ్ల ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. 2020లో రాష్ట్రాలు తమ ఆంక్షలకు ఆధారంగా చూపిన చట్టాలలో ఆ 1897 నాటి చట్టం కూడా ఒకటి కావడం గమనార్హం. అప్పటి మద్రాసు రాజధానిలో ప్లేగు సోకిన ప్రాంతాల నుంచి వచ్చేవారికి 'ప్లేగు పాస్‌పోర్టు' అనే చీటీ ఇచ్చేవారు. ఆ చీటీ పట్టుకొని, చేరిన ఊరిలో నిర్ణీత దినాలపాటు అధికారికి కనిపించి తాను ఆరోగ్యంగా ఉన్నానని నిరూపించుకోవాలి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో ప్లేగు కోయంబత్తూరును పదే పదే పీడించింది. నగరంలో నేటికీ ప్లేగు మారియమ్మ పేరిట గుడులున్నాయి. ఇరుకు వీధులను విడిచి ప్రజలు గాలీ వెలుతురూ ఉన్న చోటికి కదిలారు. పాత ఊరికి వెలుపల వెడల్పాటి వీధులతో కొత్త పేటలు వెలిశాయి. వాటిలో ఒకదానికి పురపాలక సంఘం అధ్యక్షుడిగా పనిచేసిన దివాన్ బహదూర్ రత్నసభాపతి ముదలియార్ పేరు పెట్టారు. అదే ఆర్.ఎస్. పురం. వంద ఏళ్ల తరువాత ఆ పేట వాసులే మరో వ్యాధికి సంబంధించిన చీటీ కోసం ప్రయోగశాలల ముందు వరుసలో నిలబడ్డారు.

ఓడ ఎక్కేముందు పరీక్ష అనే ఆచారానికి మదురై దక్షిణాన మరింత స్పష్టమైన పూర్వరూపం ఉంది. సింహళంలోని తేయాకు తోటలకు దక్షిణ భారత కూలీలు ధనుష్కోడి నుంచి తలైమన్నారుకు పడవలో దాటేవారు. 1914లో పాంబన్ వంతెన పూర్తయి రైలు రేవు దాకా వచ్చింది. ఆ దారిలో ఉన్న మండపం వద్ద సింహళ ప్రభుత్వం శిబిరం నడిపింది. కలరా, ప్లేగు తమ దీవిలోకి రాకుండా కూలీలను అక్కడ కొన్ని రోజులు నిలిపి, పరిశీలించిన తరువాతనే పడవ ఎక్కనిచ్చేవారు. పరాయి దేశం తన ఆరోగ్య సరిహద్దును మన గడ్డ మీదనే గీసుకున్నదన్నమాట. బయలుదేరే చోటనే వడపోయడం అనే సూత్రం నాటిదీ నేటిదీ ఒక్కటే. మారింది కాలపరిమితి. నాడు రోజుల నిరీక్షణ, నేడు గంటల లెక్క.

యొకోహామా రేవు నేర్పిన పాఠం

విహార నౌకల విషయంలో ఈ లెక్క ఎందుకు మొదలైందో తెలియాలంటే 2020 ఫిబ్రవరికి వెళ్లాలి. డైమండ్ ప్రిన్సెస్ అనే నౌక జపాన్‌లోని యొకోహామా రేవు చేరింది. అంతకుముందు హాంకాంగ్‌లో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి వ్యాధి ఉన్నట్లు తేలడంతో నౌకలో ఉన్న 3,711 మందినీ లోపలే నిలిపివేశారు. ప్రయాణికులు గదులకు పరిమితమయ్యారు. వంటవారు, వడ్డించేవారు, శుభ్రం చేసేవారు మాత్రం పనిచేస్తూనే ఉన్నారు. చివరికి 712 మందికి వ్యాధి సోకినట్లు తేలింది. అందులో 331 మందికి పరీక్ష జరిగే వేళకు జ్వరం గానీ దగ్గు గానీ ఏ లక్షణమూ లేదు.

ఈ చివరి అంకెలోనే అసలు విషయం ఉంది. అంతవరకు విమానాశ్రయాలలో, రేవులలో నుదుటి దగ్గర ఉష్ణమాపకం పెట్టి చూడడమే తనిఖీ. జ్వరం లేనివాడూ వ్యాధిని మోసుకుపోగలడని యొకోహామా నిరూపించింది. కనుక ఒంటి వేడి చూస్తే చాలదు, ముక్కులోని స్రావం చూడాలన్న నిర్ణయానికి దేశాలు వచ్చాయి. ఆ నౌకలో 138 మంది భారతీయులుండగా వారిలో 132 మంది సిబ్బందే. ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి చేర్చింది. విహార నౌక అనగానే విలాసం గుర్తుకు వస్తుంది గానీ, మన దేశం వరకు అది మొదట ఉపాధి విషయం.

పరీక్ష ఫలితం రాకముందే తలుపులు తెరిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. 2020 మార్చి 19న రూబీ ప్రిన్సెస్ నౌక నుంచి సుమారు 2,700 మంది ప్రయాణికులను సిడ్నీలో దింపివేశారు. సేకరించిన నమూనాలలో వ్యాధి ఉన్నట్లు ఆ తరువాత తెలిసింది. అప్పటికి వారు దేశమంతటా చెదిరిపోయారు. ఆ నౌకతో ముడిపడిన మరణాలు 28. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆరోగ్య అధికారుల తప్పిదాలను తీవ్రంగా ఎత్తిచూపింది. పరీక్ష అనవసరమని వాదించేవారు ఈ ఉదంతాన్ని విస్మరించరాదు.

జల్లెడ సంగతి, గోడ సంగతి

అయితే పరీక్ష సర్వరోగ నివారిణి అనుకోవడం కూడా పొరపాటే. వైరస్ ఒంట్లో ప్రవేశించిన తొలి రోజులలో ముక్కులో దాని జాడ దొరకదు. నేడు సోకినవాడు రేపు పరీక్ష చేయించుకుంటే లేదనే రావచ్చు. మూడో నాడు ఓడ ఎక్కి, అయిదో నాడు పక్కవారికి అంటించవచ్చు. మరోవైపు, వ్యాధి తగ్గిన వ్యక్తిలో చచ్చిన వైరస్ తునకలు వారాల తరబడి ఉండి ఆర్‌టీ పీసీఆర్ పరీక్షలో 'ఉంది' అని చూపవచ్చు. మొదటివాడు ప్రమాదకరమైనా దాటిపోతాడు. రెండోవాడు నిరపాయకరుడైనా ఆగిపోతాడు. జల్లెడ పట్టేవారు ఈ రెండు లోపాలూ ఎరిగి పట్టాలి.

ఇందుకు 2020 డిసెంబరులో సింగపూరులో ఒక ఉదాహరణ దొరికింది. ఏ రేవుకూ వెళ్లకుండా సముద్రంలో తిరిగి వచ్చే విహారాలను ఆ దేశం పరీక్షల షరతుతో అనుమతించింది. క్వాంటమ్ ఆఫ్ ది సీస్ నౌకలో 83 ఏళ్ల ప్రయాణికుడికి వ్యాధి ఉన్నట్లు నౌకలోని పరీక్ష చూపడంతో నౌకను వెనక్కు రప్పించారు. ఒడ్డున మళ్లీ మళ్లీ చేసిన పరీక్షలలో ఆయనకు వ్యాధి లేదని తేలింది. ఒక తప్పు ఫలితం వేలాది మంది ప్రయాణాన్ని ముగించింది. దీనికి విరుద్ధమైన దృశ్యం మన తీరంలో 2022 జనవరిలో కనిపించింది. నూతన సంవత్సర వేడుకలకు ముంబయి నుంచి గోవాకు వచ్చిన కార్డీలియా నౌకలో ముందుగా ఒక సిబ్బందికి, ఆపై సుమారు 2,000 మందికి జరిపిన పరీక్షలలో 66 మందికి వ్యాధి ఉన్నట్లు వెల్లడైంది. నౌక ముంబయికి తిరుగుముఖం పట్టింది.

పరీక్ష ఒక్కటే చాలునా అన్న ప్రశ్నకు కోయంబత్తూరుకు చేరువలోనే ఒక పాఠముంది. కొచ్చి నుంచి ఓడలో చేరుకునే లక్షద్వీపంలో 2020 సంవత్సరమంతా ఒక్క కోవిడ్ కేసు కూడా నమోదు కాలేదు. ఓడ ఎక్కేముందు కొచ్చిలో ఏకాంతవాసం, పరీక్ష, ద్వీపం చేరాక మళ్లీ ఏకాంతవాసం అప్పటి పద్ధతి. 2020 డిసెంబరు చివర ఆ నియమాన్ని సడలించి, 48 గంటల లోపు తీసుకున్న ఆర్‌టీ పీసీఆర్ పత్రం ఉంటే చాలునన్నారు. 2021 జనవరి 18న అక్కడ తొలి కేసు నమోదైంది. రెండో ఉధృతి వచ్చేసరికి, 2011 జనగణన ప్రకారం 64,473 మంది జనాభా ఉన్న ఆ దీవులలో కేసులు వేలలోకి చేరాయి. రాకపోకలు, పనిపాట్లు, బతుకుతెరువు ఉన్న చోట ఏకాంతవాసాన్ని ఎల్లకాలం కొనసాగించలేరన్నది కూడా నిజమే. కేరళ అంతటా వ్యాధి ప్రబలిన కాలమది. కాగా ఒక్క మాట మాత్రం తేటతెల్లం. నిరీక్షణ చేసే పని కాగితం చేయలేదు. పరీక్ష జల్లెడే గాని గోడ కాదు.

ఒకే ప్రయాణం, మూడు గడియారాలు

ఈ నిబంధనలు ఒక సామాన్య కుటుంబానికి ఎలా తగిలాయో లెక్క వేసి చూద్దాం. ఆర్.ఎస్. పురంలో ఉండే వృద్ధ దంపతులు 2021 డిసెంబరు రెండో వారంలో అమెరికాలోని కొడుకు వద్దకు బయలుదేరి, అక్కడ ఫ్లోరిడా రేవులో వారం రోజుల విహార నౌక ఎక్కదలచారని అనుకుందాం.

మొదటి గడియారం అమెరికా ప్రభుత్వానిది. టీకా వేసుకున్న విదేశీయులను ఆ దేశం 2021 నవంబరు 8 నుంచి అనుమతించింది. మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు సరిగ్గా ఆ వారంలోనే, నవంబరు 3న వచ్చింది. ఆ ఆమోదం మరికొన్ని వారాలు ఆలస్యమై ఉంటే ఆ టీకా వేసుకున్నవారికి ఈ ప్రయాణమే లేదు. డిసెంబరు 6 నుంచి విమానం బయలుదేరడానికి ముందు ఒక్క రోజు లోపు చేసిన పరీక్షే చెల్లుతుందని కొత్త షరతు పెట్టారు. యాంటిజెన్ పరీక్ష అయినా ఫరవాలేదన్నారు.

రెండో గడియారం ఓడది. నౌక ఎక్కడానికి ముందు రెండు రోజుల లోపు మరో పరీక్ష. ఇద్దరిలో ఒకరికి వ్యాధి ఉందని వస్తే ఆ ఒక్కరే కాదు, ఒకే గదిలో ఉండేవారు గనుక ఇద్దరికీ ప్రయాణం చిక్కులో పడుతుంది.

మూడో గడియారం మన ప్రభుత్వానిది. 2021 ఫిబ్రవరి 22 నుంచి విదేశాల నుంచి వచ్చే ప్రతివారూ బయలుదేరడానికి 72 గంటల లోపు చేసిన పరీక్ష పత్రాన్ని ఎయిర్ సువిధాలో ఎక్కించాలి. ఇక్కడ యాంటిజెన్ చెల్లదు, ఆర్‌టీ పీసీఆర్ మాత్రమే. 2022 జనవరి 11 నుంచి దానికి ఏడు రోజుల గృహ ఏకాంతవాసం తోడైంది. ఆ నియమం ఫిబ్రవరి 14న మారింది. ఈ దంపతులు నెల రోజులుండి జనవరి నడుమ తిరిగి వచ్చారంటే, వెళ్లేటప్పుడు లేని షరతు వచ్చేటప్పుడు ఎదురైందన్నమాట.

ఒకే ప్రయాణంలో మూడు పరీక్షలు, మూడు గడువులు. ఒకచోట చెల్లే పరీక్ష ఇంకోచోట చెల్లదు. దుబాయి వెళ్లేవారికి మరో నియమం ఉండేది. 48 గంటల లోపు పరీక్ష పత్రానికి తోడు, విమానాశ్రయంలోనే బయలుదేరడానికి ముందు గంటల లోపు ర్యాపిడ్ పీసీఆర్ చేయించుకోవాలి. 2022 ఫిబ్రవరిలో దీనిని ఎత్తివేసే వరకు, ఆ యంత్రం లేని విమానాశ్రయం నుంచి దుబాయి ప్రయాణం సాగేది కాదు. చదువుకున్న కొడుకూ కూతురూ ఫోనులో దారి చూపితే తప్ప ఈ చిక్కుముడిని పెద్దలు తమంతట తాము విప్పుకోలేకపోయారు.

ఇంటిపేరు పోయి పొడి అక్షరం మిగిలిన చోట

అంకెల చిక్కు ఒకటైతే పేర్ల చిక్కు మరొకటి. తెలుగునాట ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. తమిళనాట తండ్రి పేరులోని పొడి అక్షరమే ఇంటిపేరు స్థానంలో ఉంటుంది. తరతరాలుగా అక్కడ ఉన్న తెలుగువారు ఇంట్లో ఇంటిపేరు చెప్పుకొన్నా కాగితాలలో పొడి అక్షరమే రాస్తారు. పాస్‌పోర్టులో ఆ అక్షరాన్ని విడదీసి తండ్రి పేరో, భర్త పేరో పూర్తిగా రాయవలసి వస్తుంది. ఆధార్‌లో ఒక తీరు, టీకా పత్రంలో ఒక తీరు, ప్రయోగశాల నివేదికలో మరో తీరు. విమానాశ్రయంలో అధికారి చూసేది అక్షరాల పొంతనను. 2021 జూన్‌లో కోవిన్‌లో పాస్‌పోర్టు సంఖ్యను జతచేసుకొనే వీలు కల్పించడంతో ఈ బాధ కొంత తీరింది. ప్రయోగశాలల నివేదికలకు మాత్రం అటువంటి ఏర్పాటు అందరికీ అందలేదు. నమూనా ఇచ్చే వేళనే పాస్‌పోర్టు చూపి, అందులో ఉన్నట్లే పేరు రాయించుకున్నవారు బయటపడ్డారు.

ఇక ఖర్చు. 2020 మార్చిలో ప్రైవేటు ప్రయోగశాలలలో పరీక్షకు గరిష్ఠంగా 4,500 రూపాయలని భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించింది. తరువాత రాష్ట్రాలు దానిని అంచెలంచెలుగా వెయ్యి రూపాయల లోపుకు దించాయి. విమానాశ్రయాలలోని ర్యాపిడ్ పరీక్షల ధర మాత్రం వేలలోనే ఉండేది. ఇద్దరు వ్యక్తులకు మూడేసి పరీక్షలంటే ఒక చిన్న కుటుంబానికి నెల బియ్యం, పప్పు ఖర్చును మించిన మాట.

ఇక్కడ పాఠకులకు అంతగా తెలియని ఒక విషయం ఉంది. దేశాలన్నీ అంగీకరించిన 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నియమావళిలోని 40వ అధికరణం ప్రకారం, ప్రజారోగ్య రక్షణ కోసం ప్రయాణికుడి ఆరోగ్య స్థితిని తెలుసుకోవడానికి ఒక రాజ్యం ఆ నియమావళి కింద జరిపే వైద్య పరీక్షకు ప్రయాణికుడి వద్ద రుసుము వసూలు చేయరాదు. నివాసం కోరి వచ్చేవారికి ఇది వర్తించదు. ప్రధానంగా ప్రయాణికుడి మేలు కోసమే జరిగే చర్యలకు రుసుము తీసుకోవచ్చు. ఆచరణలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రాజ్యాలు తాము పరీక్షించడానికి బదులు, పరీక్ష చేయించుకొని రమ్మన్నాయి. పని ప్రయోగశాలకు, ఖర్చు ప్రయాణికుడికి, నిరాకరించే అధికారం విమాన సంస్థకు, ఓడ యజమానికి అప్పగించబడ్డాయి. నియమావళి అక్షరం నిలిచింది, ఆత్మ జారిపోయింది.

ప్రయాణం రద్దయితే డబ్బు మాటేమిటి? 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లాక్‌డౌన్ కాలపు విమాన టిక్కెట్ల సొమ్ము తిరిగి చెల్లింపుకు ఒక దారి చూపింది. అది విమాన టిక్కెట్ల తీర్పు. విదేశీ రేవులో బయలుదేరే ఓడ టిక్కెట్టుకు ఆ ఓడ సంస్థ ఒప్పందమే చట్టం. ఆ ఒప్పందం ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో, పదుల పుటలలో ఉంటుంది.

సైనగుంట గోడ, వాళయారు గేటు, పుల్లూరు టోల్‌ప్లాజా

సముద్రం, ఓడ, అమెరికా అంటే దూరపు మాటలుగా తోచవచ్చు. అవే నిబంధనలు మన గుమ్మం ముందు కూడా నిలబడ్డాయి. 2020 ఏప్రిల్ చివర వేలూరు జిల్లా యంత్రాంగం చిత్తూరు జిల్లా వైపు నుంచి రాకపోకలను ఆపడానికి సైనగుంట, పొన్నై దారులలో రోడ్డుకు అడ్డంగా ఏకంగా గోడలు కట్టించింది. నిరసన వెల్లువెత్తడంతో కొద్ది రోజులకే వాటిని కూల్చివేశారు. అటు పాలు, ఇటు కూరగాయలు, అటు పెళ్లికూతురు, ఇటు పుట్టిల్లు అన్నట్లు బతికే ఊళ్లకు ఆ గోడ ఎంతటి గాయమో చెప్పనక్కరలేదు.

కోయంబత్తూరుకు పడమట వాళయారు వద్ద కేరళ సరిహద్దు. 2020 మేలో అనుమతి పత్రాలు లేని వందలాది ప్రయాణికులు అటూ ఇటూ కాక అక్కడ చిక్కుకున్నారు. 2021 ఆగస్టు 5 నుంచి కేరళ నుంచి తమిళనాడులోకి వచ్చేవారు 72 గంటల లోపు పరీక్ష పత్రమో, రెండు మోతాదుల టీకా పత్రమో చూపాలన్నారు. పాలక్కాడు నుంచి రోజూ పనికి వచ్చేవారికి ఓడ ప్రయాణికుల నియమమే వర్తించింది.

2021 మేలో తెలంగాణ సరిహద్దున పుల్లూరు టోల్‌ప్లాజా వద్ద ఆంధ్రప్రదేశ్ నుంచి రోగులతో వచ్చిన అంబులెన్సులను నిలిపివేశారు. ముందుగా ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు అనుమతి ఉండాలన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. విహారానికి పోయేవాడిని కాగితం అడగడం వేరు, ఊపిరి అందనివాడిని కాగితం అడగడం వేరు. ఏ నిబంధనకైనా ప్రాణం అనే మినహాయింపు ఉండి తీరాలని ఆ ఉదంతం తేల్చి చెప్పింది.

ఆంక్షలు పెట్టినవారికి భయం లేకపోలేదు. 2021 మే చివర కోయంబత్తూరు జిల్లాలో రోజువారీ కేసులు చెన్నైని మించిపోయాయి. సింగానల్లూరు ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి వార్డులోకి మే 30న ముఖ్యమంత్రి స్టాలిన్ రక్షణ దుస్తులు ధరించి వెళ్లవలసినంత గడ్డు రోజులవి. కాబట్టి తప్పు పరీక్ష కోరడంలో లేదు, కోరిన తీరులో ఉంది.

ఓడలో పనిచేసే బిడ్డల మాట

ఈ కథలో అందరికన్నా తక్కువగా వినిపించిన గొంతు ఓడ సిబ్బందిది. 2020 చివరికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 లక్షల మంది నావికులు ఒప్పంద కాలం ముగిసినా దిగలేక ఓడలలోనే ఉండిపోయారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ అంచనా. ప్రయాణికుడికి పరీక్షలో వ్యాధి తేలితే ఒక విహారం పోతుంది. సిబ్బందికి తేలితే చేరవలసిన ఉద్యోగమే చేజారవచ్చు.

సరిహద్దు పల్లెల నుంచి హోటల్ విద్య చదివి విహార నౌకలలో కొలువు కోరే యువకులు పెరుగుతున్నారు. వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు రెండు. మొదటిది, నావికులను నియమించే ఏజెంటుకు కేంద్ర నౌకాయాన డైరెక్టరేటు ఇచ్చే ఆర్.పి.ఎస్.ఎల్. అనుమతి ఉండాలి. రెండోది, 2006 నాటి నావికా కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి రుసుము తీసుకోరాదు. వైద్య ధ్రువపత్రం, నావికుల పుస్తకం, పాస్‌పోర్టు వంటి వాటి ఖర్చు మాత్రం అతడిదే. ఆరోగ్య పరీక్షల పేరిట ఏజెంటు వేలకు వేలు అడిగితే ఏ పరీక్షకు, ఏ నియమం కింద అని నిలదీయడం తప్పు కాదు.

రేపటి కోసం

కోవిడ్ పత్రం పోయినా ఆరోగ్య పత్రం అనే భావన పోలేదు. పసుపు జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవారు నేటికీ టీకా ధ్రువపత్రం చూపాలి. టీకా వేసిన పది రోజుల తరువాతనే అది చెల్లుతుంది. ఒకసారి చెల్లిందంటే, 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది. ఒక టీకా, ఒక పత్రం, లోకమంతటికీ ఒకే నమూనా, మారని గడువు. కోవిడ్ పరీక్షలలో లోపించింది సరిగ్గా ఇదే.

2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒడంబడికను ఆమోదించింది. సవరించిన ఆరోగ్య నియమావళి అదే ఏడాది సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. ఢిల్లీలో, జెనీవాలో జరిగే ఈ రాతకోతలలో పల్లె కుటుంబం కోరదగినవి పెద్ద విషయాలేమీ కావు. నియమం మారితే అప్పటికే బయలుదేరినవారికి పాత నియమమే వర్తించాలి. ఒక దేశం గుర్తించిన ప్రయోగశాల పత్రం దారిలోని ప్రతి మజిలీలో చెల్లాలి. ప్రభుత్వం తప్పనిసరి చేసిన పరీక్షను జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేయాలి. వ్యాధి తేలినవారికి టిక్కెట్టు తేదీ మార్చుకొనే హక్కు చట్టంగా ఉండాలి. ఆ సమాచారం సరిహద్దుకు రెండు వైపులా, రెండు భాషలలో, పంచాయతీ గోడ మీద కనిపించాలి.

పరీక్షకు నిరాకరించేవాడు పొరుగువాడి ప్రాణాన్ని తేలిక చేస్తున్నాడు. పరీక్ష పేరిట దారి మూసేవాడు పొరుగువాడి బతుకును తేలిక చేస్తున్నాడు. మండపం శిబిరంలో రోజులు లెక్కపెట్టిన కూలీకీ, యొకోహామా రేవులో అద్దాల కిటికీ వెనుక నిలబడిన వంటవాడికీ, సైనగుంట గోడ దగ్గర బిడ్డతో ఆగిన తల్లికీ కావలసింది ఒక్కటే. తనను ఎందుకు ఆపారో తనకు అర్థమయ్యే మాటలో చెప్పాలి, ఎప్పుడు వదులుతారో నిజం చెప్పాలి. ఆ రెండూ చెప్పగలిగిన ప్రభుత్వాన్ని ప్రజలు నమ్ముతారు. నమ్మితే పరీక్షకు వారే ముందుకు వస్తారు.